మిద్దె మీద ఎర్ర లైటు

ఆయన పోయిన సంగతి నాకు పద్నాలుగు దినాలకు తెలిసింది. అది కూడా టీ బంకు కాడ.

గుంతకల్లులో రిటైరైన రైల్వేవాళ్ళం కొంతమందిమి పొద్దున్నే ఆ బంకు కాడ చేరతాము. ఉండే మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటాము, మనకు సంబంధం లేని రాజకీయాలు మాట్లాడుకుంటాము, ఎండెక్కేసరికి ఇండ్లకు పోతాము. ఆ పొద్దు ఒకడు బిస్కెట్టు టీలో ముంచుతా, "ఏమప్పా, మీ పాత డ్రైవరు పోయినాడంట గదా, యాడికి టౌను పక్కన పల్లెలో. నీకు తెలీదా?" అన్నాడు. బిస్కెట్టు విరిగి గ్లాసులో పడింది. వాడు దాన్ని తీసే పనిలో పడినాడు. నేను లేచి ఇంటికొచ్చేస్తి.

దినాలు కూడా అయిపోయినాయి. నాకు చెప్పేవాళ్ళు లేరు. ఎందుకుంటారు? నేనేమన్నా పోతా వస్తాంటినా? మా డ్యూటీలు విడిపోయినంక ఇరవై ఐదేండ్లలో ఒక్కసారి పోయినా ఆయనింటికి. ఆ ఒక్కసారి కూడా కొట్లాడదామనే పోయినా. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటుండె. చెప్పలేదు. ఇప్పుడు కాగితం ముందర పెట్టుకొని కూర్చుంటే, "మనిషి ఉన్నప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు కాగితానికి చెప్తాండావా?" అంటాంది మా ఇంటామె. నిజమే గదా.

పేరు రాయను. ఆయనకు పేర్లంటే పడదు. "ఇంజన్లో పేర్లుండవు తమ్ముడా, డ్యూటీలుంటాయి" అనేవాడు. ఆయన యాడికి పక్కన ఒక పల్లెలో భూములుండే రైతుల ఇంటి మనిషి. భూములున్నాయంటే ఏమీ లేదులే, వానలు లేని భూములు. నేను గుంతకల్లు సాయిబుల పిల్లోణ్ణి. ఆయన నాకు అన్న, నేను ఆయనకు తమ్ముడు. అంతకు మించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఇప్పుడు లోకో పైలట్ అంటారు గాని, మా కాలంలో డ్రైవరే. ఇంజన్లో ఇద్దరుంటాము, డ్రైవరు ఒకడు, అసిస్టెంటు ఒకడు. సిగ్నలు కనపడంగానే ముందు చూసినోడు గట్టిగా చెప్పాల, "సిగ్నలు, పచ్చ!" అని. రెండోవాడు తన కండ్లతో చూసి మళ్ళా తిరిగి చెప్పాల, "సిగ్నలు, పచ్చ!" తిరిగి చెప్పకపోతే చెప్పినట్టే కాదు. అది రూలు. అందరూ పాటిస్తాండ్రి, పెద్దసారు ఇంజనెక్కిన పొద్దు ఇంగా గట్టిగా పాటిస్తాండ్రి. ఈయన మాత్రం ఆ రూలును ఇంజను దిగినంక కూడా ఇడిసిపెట్టలేదు.

హోటల్లో కూర్చుంటే, "ఉగ్గాని రెండు, బజ్జి నాలుగు!" అని నా మొగం చూస్తాడు. నేను "ఉగ్గాని రెండు, బజ్జి నాలుగు" అనాల. అనకపోతే సప్లయర్ను కదలనియ్యడు. రోడ్డు దాటేటప్పుడు "లారీ, కుడి పక్క!" అంటాడు. నేను కూడా లారీని చూసి "లారీ, కుడి పక్క" అనేదాకా నా చొక్కా పట్టుకొనే ఉంటాడు. చూసేవాళ్ళు మాకిద్దరికీ పిచ్చి అనుకునింటారు. నాకప్పుడు ఇరవై మూడేండ్లు. సిగ్గుతో చచ్చిపోతాంటి.

ఒకసారి వాళ్ళింట్లో బువ్వకు కూర్చున్నాము. అప్పటికి వదిన బతికే ఉండె. వంకాయ కూర వడ్డించి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. ఆయన ఒక ముద్ద తిని, "ఉప్పు సరి!" అన్నాడు. నాకు అలవాటే గదా, సంగటి ముద్దకు గుంత చేస్తా చేస్తా, "ఉప్పు సరి" అంటి. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు తిన్యావా?"

"ఇంగా లేదన్నా."

"మరెట్ల చెప్పినావు? తిను."

తింటి. రవ్వంత గూడ ఉప్పు లేదు దాంట్లో. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతాంది. ఇద్దరూ కూడబలుక్కొని చేసిన పని. ఆయన నవ్వలేదు. "తిరిగి చెప్పేది చిలక మాదిరి కాదు తమ్ముడా. నువ్వు చూసి చెప్తేనే రెండు జతల కండ్లు. చూడకుండా చెప్తే నా ఒక్క జతే, పైగా నాకు ధైర్యం ఎక్కువైతాది. అది ఇంగా చెడ్డ" అన్నాడు. తర్వాత ఉప్పు తెమ్మని ఆమెను కసిరినాడు. నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. ఆ వయసులో ఏం ఎక్కుతాదిలే.

పొడుగు మనిషి. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు ఎదురు రేకుకు తగులుతాండె. ఇంజనెక్కంగానే చేసే మొదటి పని, పాత పేపరు నీళ్ళలో తడిపి ముందరి అద్దం తుడిచేది. రెండో పని, చొక్కా జేబులో వేయించిన చెనిక్కాయలు ఉండాయా లేదా అని తడిమి చూసుకునేది. కండ్లు లైను మీదనే ఉంటాయి, చేతులు మాత్రం పొట్టు నలిపి, ఊది, సగం గింజలు నా చేతిలో పోస్తాండె. నా వైపు తిరిగి ఇచ్చిన గుర్తు ఒక్కటి కూడా లేదు నాకు. గింజలైతే ఎప్పుడూ తక్కువ పడలేదు.

వదిన రెండేండ్ల తర్వాత జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆయన సెలవు అయిపోకముందే డ్యూటీకి వచ్చేసినాడు. ఆ పొద్దు చెనిక్కాయలు పచ్చివే తెచ్చినాడు. వేయించేవాళ్ళు లేరు గదా.

ఇంగ ఆ సంగతికి వస్తా.

వదిన పోయి పన్నెండేండ్లు దాటింది. ఉగాది పోయి నెలైంటాది. మా ఊర్లలో ఆ దినాల్లో వాన వస్తాదని మేఘం కడతాది, వచ్చేది మటుకు దుమ్ము. మాపటేళ, పొద్దు దిగినాక, గూడ్సు బండి తీసుకొని వస్తాన్నాము. స్టేషను పేరెందుకులే. దుమ్ముగాలి లేచింది. అద్దం ముందర ఎర్రమన్ను దుప్పటి పరిచినట్టుండె. బండి నిదానం చేసినాడు. కండ్లు చిట్లించి ముందరికి వంగినాడు. "సిగ్నలు, ఎర్ర! దూరంలో ఉండాది!" అన్నాడు.

నేను తువ్వాలలో మొగం పెట్టుకొని ఉంటి. కండ్లలో దుమ్ము పడింది నిజమే, తుడుచుకునేదానికి వంగింది కూడా నిజమే. దుమ్ము పోయినంక కూడా తల ఎత్తలేదు, అది ఎవరికీ తెలియదు. మూడు రాత్రులు వరసగా డ్యూటీ. తువ్వాల మెత్తగుండె. ఆ తువ్వాలలో నుంచే, కండ్లు మూసుకొనే, "సిగ్నలు, ఎర్ర, దూరంలో ఉండాది" అంటి.

చిలక మాదిరి.

దూరంలో లేదు. దుమ్ములో మసగబారి దూరంగా కనపడింది, అంతే. ఆయన బ్రేకు వేసేసరికి ఆలస్యమైపోయింది. ఇంజను, దాని ఎనక రెండు వ్యాగన్లు ఎర్రను దాటి నిలబడినాయి. ఎదురుగా బండి లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను తల ఎత్తి చూసేసరికి సిగ్నలు కంబం మా ఎనకాల ఉండాది. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చోని ఉండాడు. జీవితంలో ఆయన చేతులు ఊరికే ఉండంగా చూసింది అదే మొదలు.

విచారణలో నన్ను బయట కూర్చోబెట్టి ముందు ఆయన్ను అడిగినారు. తలుపు సగం తెరిచే ఉండె, నాకు ఇనపడతాండె. "అసిస్టెంటు చూసి చెప్పినాడు సార్. వాని తప్పేం లేదు. దూరం తప్పు చూసింది నేను" అన్నాడు. తర్వాత నన్ను పిలిచినారు. "నువ్వు చూసి చెప్పినావా?" అని అడిగితే, "చూసి చెప్తి సార్" అంటి. దాంతో అయిపోయింది. ఆయన్ను ఇంజను మీద నుంచి దించి షెడ్డులో సామాన్లు ఇచ్చే పనికి వేసినారు. నన్ను హెచ్చరించి వదిలినారు. మూడేండ్లకు నేను డ్రైవరైతి. ఆయన కొన్నాళ్ళు నట్లూ బోల్టులూ పంచి, పని మానుకొని ఊరికి పోయినాడు. నేను ఒక్కసారి కూడా షెడ్డు వైపు పోలేదు. ఎదురైతే పక్క సందులో దూరతాంటి. నా మీద నాకే అసహ్యం పుడతాండె. దాన్ని మోయలేక ఆయన మీదనే కోపం తెచ్చుకుంటి. అది సులువు గదా.

ఆయన ఊరు లైనుకు మైలు దూరంలో, రవ్వంత ఎత్తు మీద ఉంటాది. నా డ్యూటీలో వారానికి రెండు మాపటేళలు ఆ లైన్లో పోయేవాణ్ణి. ఆయనిల్లు నాకు తెలుసు, ఊరి చివర మిద్దె. ఒక పొద్దు రాత్రి ఎనిమిది గంటలప్పుడు చూస్తే ఆ మిద్దె మీద ఎర్ర లైటు. చిన్నది. ఒక తావున ఉండి, ఆరి, మళ్ళా ఎలుగుతాంది. మళ్ళా వారం కూడా ఉండె. ఆ పై వారం కూడా.

రైల్వేవానికి ఎర్ర లైటు చూపిస్తే ఏమని అర్థం? ఆగమని. నువ్వు ఆగాల్సిన కాడ ఆగలేదని. నాకు అట్లనే తగిలింది. ఈ ముసలోడు నా బండి టైము చూసుకొని మిద్దెక్కి నాకు ఎర్ర చూపిస్తాండాడు, నేను దాటిచ్చిన ఎర్రను నాకే గుర్తు చేస్తాండాడు అనుకుంటి. ఏండ్లు గడిచినాయి. ఆ ఊరు వస్తే నా అసిస్టెంటు పక్కకు తల తిప్పుకునేవాణ్ణి. ఒక్కోసారి లైటు లేకపోతే ప్రాణం హాయిగా ఉండేది. మళ్ళా వారం ఎలిగిందంటే ఒళ్ళు మండేది. నోరు తెరిచి తిట్టిన రోజులు కూడా ఉండాయి, అల్లా మన్నించాల.

రిటైరు కావడానికి నెల ముందు, దసరా పోయినంక, నా స్కూటరు స్టార్ట్ చేస్తి. ఈ ఎర్ర లైటు సంగతి తేల్చుకోకుండా ఇంజను దిగకూడదనుకుంటి. గుత్తి మీదుగా యాడికి, యాడికి నుంచి ఆ పల్లె. దావలో మాటలన్నీ తయారు చేసుకుంటి. పోయేసరికి పొద్దు గూకింది. తలుపు తీసే ఉండాది, మనిషి కింద లేడు. మెట్లెక్కితి.

మిద్దె మీద నులకమంచం, దాని మీద నోటుబుక్కు, పక్కన బైనాక్యులరు. ఆయన చేతిలో టార్చి. ఎర్ర లైటు. జుట్టంతా తెల్లబడింది, ఇంగా పొడుగైనట్టుండాడు, చిక్కిపోయినాడు గదా.

"ఎందుకన్నా నాకు ఎర్ర చూపిస్తావు? ఇన్నేండ్లు! ఏం పాపం చేస్తినని?" అని అరిస్తి. సలాము లేదు, నమస్కారం లేదు.

ఆయన నా మొగం మీద టార్చి వేసి చూసినాడు. "తమ్ముడా, వచ్చినావా? కూర్చో. చెనిక్కాయలు తింటావా?" అన్నాడు.

"ముందు జవాబు చెప్పు!"

"ఏ ఎర్రప్పా?" అని టార్చి వైపు చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. టార్చి ముందర మిఠాయి పొట్లాలకు చుట్టే ఎర్ర కాగితం రబ్బరు బ్యాండుతో కట్టి ఉండాది. "తెల్ల వెలుతురు పడితే కండ్లు చెడతాయి, మళ్ళా చుక్కలు కనపడేదానికి అరగంట పడతాది. ఎర్రదైతే ఏం కాదు. ఈ బుక్కులో రాసుకునేదానికి పెట్టుకున్నా. నీకు చూపిస్తాన్నా అనుకున్యావా?"

నేను మంచం మీద కూలబడితి. ఇరవై ఏండ్ల కోపం, మిఠాయి కాగితం!

ఆయన నవ్వలేదు. నా చేతిలో గింజలు పోసినాడు. "నీ బండి పోయేది నాకు తెలుస్తాండె. హారను పొడుగ్గా కొట్టి చివర్లో రవ్వంత తెంపుతావు. నీకొక్కనికే ఉండాది ఆ అలవాటు."

"మరి తెలిసినప్పుడు లైటన్నా ఊపకపోయినావా?"

"బాగా చెప్పినావు పో! ఎర్ర లైటు ఊపితే బండి ఆపాల గదప్పా" అన్నాడు.

ఆ మాటకు ఇద్దరం నవ్వితిమి. నవ్వు ఆగినంక ఆ బుక్కులో ఏముందని అడిగితి.

మిద్దె మీద నుంచి ఆకాశంలో శ్రవణం చుక్క చూపించినాడు. దాని కింద, రవ్వంత ఎడంగా, ఇంగో చిన్న చుక్క. "అది ఊపిరి తీస్తాది తమ్ముడా. ఉబ్బుతాది, తగ్గుతాది, నిద్రపోయే మనిషి రొమ్ము మాదిరి. ఏడు దినాల నాలుగు గంటలకు ఒక ఊపిరి. వెలుగు గబగబా పెరుగుతాది, నిదానంగా తగ్గుతాది. నేను ప్రతి మాపటేళ దాన్ని పక్క చుక్కలతో పోల్చి రాస్తా. ఒంటరిగా చూసి వెలుగెంతో చెప్పలేము, ఎవరి వల్లా కాదు. ఒక పక్కన దానికంటే పెద్దది పెట్టుకోవాల, ఇంగో పక్కన చిన్నది పెట్టుకోవాల."

"దాంతో ఏమొస్తాదన్నా?"

"దూరం వస్తాది" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారింది. "ఎప్పుడో ఒక ఆడామె కనిపెట్టిందంట. ఈ జాతి చుక్కలు ఎంత నిదానంగా ఊపిరి తీస్తే అంత పెద్ద దీపాలంట. ఊపిరి లెక్క పెడితే దీపం అసలు సైజు తెలుస్తాది. కంటికి కనపడేది ఎంతో మనకు తెలుసు. పెద్ద దీపం చిన్నగా కనపడతాందంటే, అంత దూరంలో ఉన్నట్టు. రెండింతల దూరం పోతే నాలుగో వంతు వెలుగే మిగులుతాది. సిగ్నలు దీపమైనా అంతే, చుక్కైనా అంతే."

సిగ్నలు అనంగానే నేను తల దించుకుంటి. ఆయన ఆపలేదు. అనంతపురంలో పాత పుస్తకాల అంగట్లో చుక్కల మీద ఒక పుస్తకం దొరికిందంట, పెద్ద లెక్కలకు వాడే లాగరిథమ్ పట్టిక కూడా. దాంతో ఏండ్ల తరబడి లెక్కలు చేసినాడు. ఆ చుక్క వెలుగు మనకాడికి రావడానికి వెయ్యేండ్ల పైన పడతాదని తేలిందంట. పుస్తకంలో చూస్తే తొమ్మిది వందల లోపలే. మొదట పుస్తకాన్ని తిట్టినాడంట. తర్వాత తన కండ్లను. సంవత్సరమంతా తప్పు యాడుందో వెతికినాడు. కూడికలు, తీసివేతలు, పక్క చుక్కలు, అన్నీ సరిగ్గానే ఉండాయి.

"అప్పుడు దొరికింది. చుక్కల మధ్యన కూడా దుమ్ముంటాది తమ్ముడా! ఆ దుమ్ములో వెలుగు మసగబారతాది. నేను ఆ మసకను దూరమనుకుంటి. అదే తప్పు. లోకంలో ఇంగెవరన్నా చెయ్యొచ్చు గాని, నేను చెయ్యొచ్చా ఆ తప్పు, చెప్పు! దుమ్ములో పుట్టి, దుమ్ములో బండి నడిపి, దుమ్ము వల్లనే ఇంజను దిగినోణ్ణి!"

నవ్వుతాంటే కండ్లెంట నీళ్ళొచ్చినాయి ఆయనకు. తువ్వాలతో తుడుచుకున్నాడు. కొండ మీద గాలిమరల ఎర్ర దీపాలు ఆరతా ఎలగతా ఉండాయి. ఊర్లో ఎవరో టీవీ పెద్దగా పెట్టినారు. ఆయన చెనిక్కాయ నలపతా, నా వైపు చూడకుండానే అడిగినాడు.

"ఆ పొద్దు ఇద్దరికీ దూరంగానే కనపడె గదా తమ్ముడా?"

అదీ నాకు దొరికిన తావు. ఇరవై మూడేండ్లు ఎదురు చూస్తే దొరికిన తావు. నేను చూడలేదన్నా, తువ్వాలలో మొగం పెట్టుకొని చెప్తి. అంతే, ఇంత చిన్న మాట. నోటిదాకా వచ్చింది. ఆ ముసలాయన చిక్కిపోయిన చేతులు చూసి మళ్ళా లోపలికి పోయింది.

"అవునన్నా. దూరంగానే కనపడె" అంటి.

ఆయన "ఊఁ" అన్నాడు. పొట్టు ఊదినాడు. సగం గింజలు నా చేతిలో పోసినాడు.

తర్వాత బైనాక్యులరు నా చేతికిచ్చినాడు. "పండగ నెలవంకను మీ వీధిలో అందరికంటే ముందు చూసేది నువ్వే గదా. చూడు దాన్ని" అని, ఆకాశం వైపు తలెత్తి, పాత గొంతుతో గట్టిగా అన్నాడు, "చుక్క, ఎడమ పక్కదానితో సమానం!"

నేను ఊరికే తిరిగి చెప్పేదానికి నోరు తెరిస్తి. ఎందుకో ఆగితి. బైనాక్యులరు కంటికి పెట్టుకుంటి. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకొని, ఊపిరి బిగబట్టి చూస్తి. ఒకసారి ఎడమదాన్ని, ఒకసారి దీన్ని. మళ్ళా ఎడమదాన్ని.

"కాదన్నా. సమానం కాదు. ఇది తక్కువుండాది."

"సరిగ్గా చూసినావా?"

"చూస్తి. తక్కువే."

"తక్కువే!" అని ఆయన తిరిగి చెప్పినాడు. టార్చి ఎలిగించి బుక్కులో రాసుకున్నాడు. ఒక అంకె రాసేదానికి అంతసేపు ఎందుకు పడతాందని, "ఏం రాస్తాండావన్నా?" అని అడిగితి. "లెక్క" అన్నాడు.

వచ్చేటప్పుడు మెట్ల కాడ నిలబడి, "ఇద్దరు చూసి రాస్తే లెక్క గట్టిగుంటాది. అప్పుడప్పుడు రా తమ్ముడా" అన్నాడు. వస్తానంటి. ఫోను నంబరు ఆయన అడగలేదు, నేను ఇయ్యలేదు. రిటైరైతి. మోకాళ్ళు అంటి, ఇంటామె కంటి ఆపరేషను అంటి, వాన అంటి, ఎండ అంటి. రెండేండ్లు పోయినాయి. మళ్ళా పోతే ఆ మాట అడుగుతాడేమో, మళ్ళా అబద్ధం చెప్పాల్సి వస్తాదేమో అనే భయం. ఇంగేం లేదు.

టీ బంకు కాడ తెలిసిన మరుసటి దినం పోయినా. ఆయన మేనకోడలు, గుత్తిలో టీచరంట, ఇల్లు సర్దుతాండాది. గుంతకల్లు నుంచి వచ్చినానని చెప్పంగానే, "మీరు మామ అసిస్టెంటు గదా?" అనింది. నిద్రలోనే పోయినాడంట. పాలు పోసేవాడు చూసినాడంట. "ఈ బుక్కులు మీకియ్యమన్నాడు. మీ అడ్రసు అడిగితే, వాడే వస్తాడులే అన్నాడు. అందుకే పాత పేపర్లోనికి వెయ్యకుండా పెట్టినా" అనింది. పదకొండు బుక్కులు. గోనెసంచిలో కట్టి పెట్టింది.

అరుగు మీద కూర్చొని తిప్పితి. ప్రతి పేజీలో స్కేలుతో గీసిన రెండు వరసలు. ఒకదాని మీద "డ్రైవరు", ఇంగోదాని మీద "అసిస్టెంటు". డ్రైవరు వరస నిండా ఆయన ముత్యాల మాదిరి అంకెలు. అసిస్టెంటు వరస ఖాళీ. మొదటి బుక్కు మొదటి పేజీ నుంచి ఖాళీనే. నేను పోకముందు నుంచి, ఏండ్ల తరబడి, నా కోసం గీత గీసి ఖాళీ ఉంచినాడు. బుక్కు తర్వాత బుక్కు తిప్పితి.

నేను పోయిన మాపటేళ పేజీ దొరికింది. డ్రైవరు వరసలో "సమానం" అని రాసి కొట్టేసినాడు. అసిస్టెంటు వరసలో "తక్కువ". దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం.

"ఈసారి తమ్ముడు చూసి చెప్పినాడు."

మళ్ళా చదివితి. మళ్ళా చదివితి. ఈసారి. వంకాయ కూరలో ఉప్పు గుర్తుకొచ్చింది. ఆ చుక్క ఎడమదానితో సమానం కాదని ఆయనకు తెలుసు, తెలిసే తప్పు చెప్పినాడు. అంతకు ముందు అడిగిన ప్రశ్న కూడా తెలిసే అడిగినాడు. విచారణలో నన్ను కాపాడిన మాట కూడా తెలిసే చెప్పినాడు. మొదటి దినం నుంచీ తెలుసు ఆయనకు. తెలిసి, నా నోటితో నేను చెప్తానని ఎదురు చూసినాడు. నేను మనిషి కాదు. ఆ అరుగు మీదనే మొగం కప్పుకొని ఏడిస్తి. ఆ అమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయింది.

చీకటి పడినంక ఆమెనడిగి, ఆఖరు బుక్కు తీసుకొని మిద్దెక్కితి. నులకమంచం ఆడనే ఉండాది, టార్చి కూడా, ఎర్ర కాగితం వెలిసిపోయి. నాకొచ్చిన దువా చదివితి. శ్రవణం కింద ఆ చుక్కను వెతికి, ఎడమదానితో పోల్చి, కుడిదానితో పోల్చి, తొందర పడకుండా చూస్తి. "చుక్క, ఎడమదానికంటే ఎక్కువ!" అని గట్టిగా చెప్తి. అసిస్టెంటు వరసలో రాస్తి. పక్కన డ్రైవరు వరస ఖాళీగా ఉండాది.

కింద లైను మీద గూడ్సు ఒకటి పోతాంది. అది పోయి, చప్పుడంతా సద్దుమణిగేదాకా ఆగితి. లేచి నిలబడి, సిగ్నలు చెప్పినట్టే గట్టిగా చెప్తి.

"ఆ పొద్దు నేను చూడలేదన్నా!"

ఇన్నేండ్లకు చెప్తి. చెప్పి, అలవాటు కొద్దీ, ఆయన తిరిగి చెప్తాడని నిలబడితి. చానాసేపు నిలబడితి. తిరిగి చెప్పకపోతే చెప్పినట్టే కాదు. అది రూలు.